కర్పూరీ ఠాకూర్ ఇంగ్లీష్ తీసేసి బీహార్ చదువుని బాగుచేశారా, పాడుచేశారా?

కూకట్‌పల్లి_కిరణ్
మా టీమ్‌లో ఒకాయన ఉన్నాడు, సొంతూరు సమస్తిపూర్ దగ్గర. నిన్న లంచ్‌లో మాటల మధ్యలో "మా నాన్నది కర్పూరీ డివిజన్" అన్నాడు. పక్కనున్న ఇంకో బీహార్ అబ్బాయి పకపకా నవ్వాడు గానీ ఈయన మొహంలో నవ్వు లేదు. నాకేం అర్థంకాక తర్వాత విడిగా అడిగా. 1967లో కర్పూరీ ఠాకూర్ బీహార్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు మెట్రిక్‌లో, అంటే బడి చివర రాసే బోర్డు పరీక్షలో, ఇంగ్లీష్ కచ్చితంగా పాసవ్వాలనే రూల్ ఎత్తేశారట, ఇంగ్లీష్ తప్పినా మిగతావన్నీ వస్తే మెట్రిక్ పాసైనట్టే. ఫస్ట్ డివిజన్, సెకండ్ డివిజన్ లాగా అలా గట్టెక్కినవాళ్లని "కర్పూరీ డివిజన్" అని ఎగతాళి చేసేవాళ్లట.
2024లో భారతరత్న ఇచ్చినప్పుడు పేరు విన్నాను, అంతకుమించి నాకేమీ తెలీదు. కానీ ఇది విన్నాక కోపమొచ్చింది. మా నాన్న అప్పుచేసి నన్ను ఇంగ్లీష్ మీడియంలో వేశాడు కాబట్టి ఇవాళ నేనీ ఉద్యోగంలో ఉన్నా. పేదోళ్ల పిల్లలకి ఇంగ్లీష్ అక్కర్లేదని ఒక మంత్రే చెప్తే వాళ్ల గతేంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

డల్లాస్_శ్రీను
పాడుచేశారు, ఇందులో చర్చేముంది? ఇంగ్లీష్ లేకపోతే ఇవాళ ప్రపంచంలో బతుకులేదు.

పాతపేపరు
శ్రీను గారు, ఇవాళ్టి సంగతి వేరు, 1967 సంగతి వేరు. మొదట్నుంచీ చెప్తాను, కొంచెం పొడుగవుద్ది.
ఆయన పుట్టింది 1924లో, సమస్తిపూర్ పక్కన పితౌంఝియా అనే పల్లెలో. ఆ ఊరిని ఇప్పుడు కర్పూరీ గ్రామ్ అంటున్నారు. క్షురకుల ఇల్లు. కాలేజీ చదువు మధ్యలో వదిలేసి 1942 క్విట్ ఇండియాలో దిగి జైలుకెళ్లారు, బయటికొచ్చాక కొన్నాళ్లు ఊళ్లో బళ్లో పాఠాలు చెప్పారు. అంటే విద్యామంత్రి అయ్యేనాటికి బడి అంటే ఏంటో లోపల్నుంచి చూసిన మనిషి. 1952లో సోషలిస్ట్ పార్టీ తరఫున తాజ్‌పూర్ నుంచి గెలిచారు, ఆ తర్వాత అసెంబ్లీ ఎన్నికల్లో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఓడింది 1984లో సమస్తిపూర్ లోక్‌సభకి, ఇందిరాగాంధీ హత్య తర్వాత వచ్చిన గాలిలో.
1967లో బీహార్‌లో మొదటిసారి కాంగ్రెసేతర ప్రభుత్వం వచ్చింది. మహామాయా ప్రసాద్ సిన్హా ముఖ్యమంత్రి, కర్పూరీ ఉపముఖ్యమంత్రి, చేతిలో విద్యాశాఖ. సోషలిస్టులూ కమ్యూనిస్టులూ జనసంఘం వాళ్లూ అందరూ కలిసి కట్టిన అతుకులబొంత ప్రభుత్వం అది, పది నెలలు నిలబడింది. ఆ పది నెలల్లోనే ఈ ఇంగ్లీష్ నిర్ణయం.
ముఖ్యమైన విషయం ఏంటంటే ఇంగ్లీష్ చెప్పొద్దని ఆయన అనలేదు. బళ్లో ఇంగ్లీష్ ఉంది, పరీక్షా ఉంది. అందులో తప్పితే మొత్తం మెట్రిక్ తప్పినట్టే అన్న ముడి ఒక్కటే విప్పారు. "ఇంగ్లీష్ తీసేశారు" అనడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

మెతుకుసీమ_మల్లన్న
అన్నా నీ పోస్ట్ చదివేసరికి చాయ్ చల్లారింది, కానీ మస్తు జెప్పినవ్. ఒక డౌట్. మెట్రిక్ పాసయితె అప్పట్ల ఏమొచ్చేది?

పాతపేపరు
క్లర్కు, కానిస్టేబుల్, టీచర్ ట్రైనింగ్, కాలేజీ సీటు, దేనికైనా మెట్రిక్కే గుమ్మం. లెక్కల్లో 70 వచ్చి ఇంగ్లీష్‌లో తప్పినవాడు కూడా సర్కారు లెక్కలో మెట్రిక్ ఫెయిలే. పల్లెల్లో ఇంగ్లీష్ చెప్పే మనిషే ఉండడు, ఇంట్లో ఆ భాష వినపడదు. ఎవరు తప్పుతారో పరీక్ష పెట్టకముందే తెలిసిపోతుంది. ఆడపిల్లలకైతే మరీ, ఒకసారి తప్పితే రెండోసారి రాయించే ఇల్లు ఎక్కడుంది? పెళ్లే.

డల్లాస్_శ్రీను
అలాంటప్పుడు ఇంగ్లీష్ టీచర్లని వేయాలి గానీ పరీక్ష సులువు చేస్తారా? జ్వరమొస్తే థర్మామీటర్ పగలగొట్టినట్టుంది.

టీచరమ్మ_జడ్పీ
శ్రీను గారూ మీ ఉపమానం బాగుంది గానీ నేను ఇరవయ్యొక్క ఏళ్లుగా జడ్పీ హైస్కూల్లో ఇంగ్లీషే చెప్తున్నాను, అందుకని ఒక మాట చెప్పనివ్వండి. మా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు, పొద్దున నాలుగింటికి లేచి నాన్నతో పాలు పోయించుకొచ్చి తొమ్మిదింటికి బడికొచ్చేవాడు. లెక్కల సార్ బోర్డు మీద లెక్క వేసేలోపు నోటితో జవాబు చెప్పేసేవాడు. నా క్లాసులో మాత్రం పుస్తకం పట్టుకుంటే చెయ్యి వణికేది. "బికాజ్" అనే మాటని "బె కా యు సె" అని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి తలెత్తి నా మొహం చూసేవాడు, సరేనా కాదా అని. పదో తరగతిలో అన్నీ పాసయ్యి ఇంగ్లీష్‌లో 31 వచ్చాయి. పాస్ మార్కులు 35. నాలుగు మార్కులు. సప్లిమెంటరీ రాయమని ఇంటికెళ్లి చెప్పాను, ఫీజు నేనే కడతానన్నాను, అప్పటికే వాణ్ణి బెంగళూరు సెంట్రింగ్ పనికి పంపేశారు.
ఆ 31 నావి కూడా. వాడికి నేను చదవడం నేర్పలేకపోయాను. కానీ ఆ నాలుగు మార్కులకి శిక్ష పడింది వాడికి, నాకు కాదు. టీచర్లని వేయడం, వేసినవాళ్లకి నేర్పడం, వాళ్లు పిల్లలకి నేర్పడం, ఇదంతా పదేళ్ల పని. ఆ పదేళ్లలో తప్పే పిల్లల్ని ఏం చేద్దాం? కర్పూరీ గారు ఆలోచించింది వాళ్ల గురించే అనుకుంటా.

గోదారిగట్టు
టీచరమ్మ గారి పోస్ట్ చదివి కాసేపు ఏమీ తోచలేదండీ.

కరీంనగర్_పోరడు
గిక్కడ అందరు మర్చిపోయిన సంగతి నేను జెప్త. మన పదో తరగతిల హిందీకి పాస్ మార్కులు ఎన్ని? 20! మిగిలిన అన్నింటికి 35. నేను 2003 బ్యాచ్, హిందీల నాకు సరిగ్గ 22 వచ్చినయ్, పాస్. మా బ్యాచ్‌ల సగంమంది గట్లనే గట్టెక్కిండ్రు. మనోళ్లకు హిందీ కష్టమని సర్కారు తగ్గించింది, దానికి ఎవ్వలు పేరు వెట్టి నవ్వలే. బీహారోళ్లకు ఇంగ్లీష్ కష్టమని తగ్గిస్తె మాత్రం జీవితమంత ఎక్కిరింపు. ఎందుకన్నట్టు?

కూకట్‌పల్లి_కిరణ్
ఈ పోలిక నాకు అస్సలు తట్టలేదు. నాకూ హిందీలో ముప్పై లోపే వచ్చాయి.

బీసీ_ఏ_గొంతు
కరీంనగర్ తమ్ముడు అడిగినదానికి జవాబు నేను చెప్తా. నవ్వింది ఇంగ్లీష్ గురించి కాదు, చేసిన మనిషి గురించి. అదే పని ఒక పెద్దకులం మంత్రి చేసుంటే అది భాషా విధానం అయ్యేది. మంగలి ఇంట పుట్టినోడు చేశాడు కాబట్టి ఎగతాళికి ఆయన పేరు తగిలించారు.
మాదీ అదే కులం, ఇక్కడ నాయీబ్రాహ్మణ అంటారు, బీసీ ఏ గ్రూపు. మా తాత రాజమండ్రి దగ్గర పల్లెలో పొది సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు, పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాడు. కర్పూరీ రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా 1978 నవంబర్‌లో, వెనకబడిన కులాల మీద వేసిన ముంగేరీలాల్ కమిషన్ నివేదికని అమలుచేస్తూ 26 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అత్యంత వెనకబడినవాళ్లకి 12, వెనకబడినవాళ్లకి 8, ఆడవాళ్లకి 3, పైకులాల్లో పేదలకి 3. మళ్లీ చదవండి, 1978లోనే ఆడవాళ్లకీ పైకులాల పేదలకీ కూడా వాటా పెట్టాడు. అయినా ఊరేగింపుల్లో ఏమని అరిచారో తెలుసా? గద్దె దిగు, మంగలికత్తి పట్టుకో అని. ముఖ్యమంత్రిని పట్టుకుని! 1979 ఏప్రిల్‌లో ఆయన పదవి పోయింది.
మా తాతకి అక్షరం రాదు. ఎనభైల్లో ఎవరో పేపర్ చదివి వినిపిస్తే "మనోడు ముఖ్యమంత్రి అయ్యాడా, ఎక్కడ?" అని అడిగాడని మా నాన్న చెప్తాడు. బీహార్ ఎక్కడుందో కూడా ఆయనకి తెలీదు.

సిక్కోలు_రైలు
మరి మన ఆంధ్రాలో ఇది ముందే అయిపోయింది కదా. బీసీల మీద వేసిన అనంతరామన్ కమిషన్ చెప్పినాక 1970లోనే బీసీలకి 25 శాతం ఇచ్చీసేరు. ఏ గ్రూపుకి 7, బీకి 10, సీకి 1, డీకి 7. సుప్రీంకోర్టు 1972లో అది సరేనంది. బీసీల్లోనూ మరీ కిందున్నోళ్లకి వేరే వాటా అన్న ఆలోచన మన దగ్గరా ఉంది, కర్పూరీ గారిదీ అదే దారి. కాపోతే ఆయనకి అంత గొడవెందుకయింది మరి?

పాతపేపరు
సిక్కోలు గారు, పెద్ద ప్రశ్నే. నాకు తోచింది చెప్తా. ఇక్కడ వాటా ఇచ్చింది బలంగా ఉన్న కాంగ్రెస్ ప్రభుత్వం, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్నించీ ఇలాంటివి అలవాటున్న నేల. అక్కడ ఇచ్చింది లోపల్లోపలే కొట్టుకుంటున్న జనతా పార్టీ, ముఖ్యమంత్రికి వెనక సొంత కులబలం లేదు. క్షురకులు ఎన్ని ఓట్లుంటారు?

డల్లాస్_శ్రీను
కులం గొడవ వేరు, దాంట్లో ఆయనకి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటా. నేనడిగేది చదువు గురించి. ఇంగ్లీష్ రాని బీహార్ పిల్లలు ఢిల్లీ వెళ్లి కోచింగ్‌లో ఎంత అవస్థ పడతారో కళ్లారా చూశాను, ఎం.టెక్‌లో నా రూమ్మేట్ పాట్నా వాడు. ప్రొఫెసర్ అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసి కూడా లేచేవాడు కాదు. రాత్రి రూమ్‌కొచ్చాక అదే జవాబు నాకు హిందీలో గడగడా చెప్పేవాడు. ఆ బాధ్యత ఎవరిది? పాట్నాలో పెద్దోళ్ల పిల్లలు కాన్వెంట్లలో ఇంగ్లీష్ చదువుకుంటూనే ఉన్నారు కదా, నష్టపోయింది మళ్లీ పేదోడే.

గోదారిగట్టు
ఇదండీ అసలు పాయింట్. శ్రీను గారు ఇప్పుడు చెప్పినదాన్ని తీసిపారేయలేం. సర్కారు బడికి ఇంగ్లీష్ పట్టు వదిలేసి ప్రైవేటు బడి వదలకపోతే మధ్యలో గోడ ఇంకో రెండడుగులు లేచినట్టే.

పాతపేపరు
నిజమే. అందుకే సోషలిస్ట్ నాయకుడు రామ్ మనోహర్ లోహియా గురించి చెప్పాలి. కర్పూరీ ఆయన శిష్యుడు. లోహియా వాదన ఏంటంటే ఇంగ్లీష్ అనేది పాలించేవాళ్ల కంచె, దాన్ని కోర్టుల్నించీ ఆఫీసుల్నించీ కాలేజీల్నించీ తీసేస్తేనే మామూలు జనానికి గద్దె అందుతుంది అని. అంటే బడితో సరిపోదు, ఉద్యోగమూ కోర్టూ కూడా మారాలి. కర్పూరీ చేతిలో ఉన్నది పది నెలలు, ఒక్క రాష్ట్రం, ఒక్క శాఖ. మెట్రిక్ దగ్గర కంచె తీశారు, ఆ పై కంచెలన్నీ అలాగే ఉన్నాయి. లోహియా కూడా అదే 1967 అక్టోబర్‌లో పోయారు. సగంలో ఆగిన పని ఇది.
అన్నట్టు లోహియాకీ హైదరాబాద్‌కీ గట్టి సంబంధముంది, ఆయన సొంతంగా సోషలిస్ట్ పార్టీ పెట్టిన మహాసభ 1955 చివర్లో హైదరాబాద్‌లోనే జరిగింది.

కరీంనగర్_పోరడు
మన పట్నంల్నా? గిది తెల్వదు.

నవోదయ_పిల్ల
నేను ఒక నవోదయలో, అంటే పల్లె పిల్లల కోసం కేంద్రం నడిపే హాస్టల్ బళ్లో, చదివాను. నవోదయల్లో తొమ్మిదో తరగతిలో కొంతమందిని హిందీ రాష్ట్రానికి మార్పిడి మీద పంపుతారు కదా, నన్ను బీహార్ పంపారు. వెళ్లేటప్పుడు మా అమ్మ పచ్చడి జాడీ కట్టిచ్చి రైల్వే స్టేషన్‌లో ఏడ్చింది. అక్కడ మొదటి వారం నాకు అర్థమైంది ఏంటంటే అక్కడి పిల్లలకి కూడా హిందీ సొంత భాష కాదు! రాత్రి లైట్లు ఆర్పేశాక నా పక్క బెడ్ అమ్మాయి ఇంటికి ఫోన్‌లో మాట్లాడేది మైథిలి, నాకు వచ్చిన ఆ నాలుగు ముక్కల హిందీతో ఒక్క మాట అర్థమయ్యేది కాదు. అంటే ఆ పిల్లకి ఇంట్లో మైథిలి, బళ్లో హిందీ, పైన ఇంగ్లీష్. మనకంటే ఒక మెట్టు ఎక్కువ.
కర్పూరీ గారి ఊరు కూడా మైథిలి మాట్లాడే మిథిల ప్రాంతంలోదే. ఇంగ్లీష్ తప్పనిసరి తీసేయడం ఎంత సాయమో నాకు ఆ పక్క బెడ్ అమ్మాయిని చూస్తే తెలిసింది, కానీ హిందీ కూడా అమ్మభాష కాదన్న సంగతి ఆ సోషలిస్టులు అంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. మైథిలి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోకి ఎక్కింది 2003లో కదా.

టీచరమ్మ_జడ్పీ
నవోదయ అమ్మాయీ, చాలా మంచి మాట చెప్పావు తల్లీ. మా ఏజెన్సీ బడుల్లో ఇదే కష్టం. సవర, కొండ భాషలు మాట్లాడే పిల్లలకి తెలుగు మీడియమే పరాయి మీడియం.

సిక్కోలు_రైలు
మా సీతంపేట వైపు అదే కథ టీచరమ్మా, నిజం.

మెతుకుసీమ_మల్లన్న
నవోదయ అంటె పీవీ గుర్తొచ్చిండు. కర్పూరీకి, పీవీకి ఒక్క ఏడాదే భారతరత్న. ఇద్దరి కొడుకులు ఒక్కదినమే రాష్ట్రపతి చేతుల మీద అందుకున్నరు, 2024 మార్చి 30న. మస్తు చిత్రం అనిపిస్తది నాకు. ఇద్దరూ ఆ కాలంలనే చదువు శాఖ చూసినోళ్లు. పీవీ సర్వేల్‌ల గురుకులం వెట్టిచ్చిండు 1971ల, తర్వాత ఢిల్లీల నవోదయ. పల్లె పోరగాండ్లల్ల తెలివైనోన్ని ఏరి మంచి బడి ఇయ్యాలె అని. కర్పూరీ ఏమో అందరికి గుమ్మం ఎత్తు తగ్గియ్యాలె అన్నడు.

పాతపేపరు
మల్లన్నా బాగా పట్టుకున్నావు. ఇంకోటి కలుపు, 1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు పీవీ. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చింది అదే. బీహార్‌లో పరీక్ష ముడి విప్పారు, ఇక్కడ పైచదువుకి పుస్తకం రాయించారు. రెండూ ఒకేచోట జరిగి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. పరీక్ష సడలించి పుస్తకం ఇవ్వకపోతే పిల్లాడు కాలేజీ గేటు దాకా వెళ్లి అక్కడ ఆగిపోతాడు. శ్రీను గారి రూమ్మేట్‌కి జరిగింది అదే.

డల్లాస్_శ్రీను
ఇది ఒప్పుకుంటాను. నా కోపం ఆయన మీద కాదేమో, ఆయన తర్వాత వచ్చి ఆ పని ముందుకి తీసుకెళ్లనివాళ్ల మీద.

గోదారిగట్టు
మన దగ్గర సంగతి కూడా చూడండి. 2019 నవంబర్‌లో ఏపీ సర్కారు బడులన్నీ ఇంగ్లీష్ మీడియం అని జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అప్పుడు మా ఇంట్లోనే రెండు పార్టీలయ్యాం. మా అన్నయ్య తెలుగు చచ్చిపోద్దని, మా పనిమనిషి లక్ష్మేమో "మీ పిల్లలు మాత్రం కాన్వెంటుకెళ్లొచ్చు, మావాళ్లు తెలుగు కాపాడాలా అమ్మా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయానండీ.

బీసీ_ఏ_గొంతు
లక్ష్మి గారు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. కర్పూరీ ఇవాళ ఉంటే ఏమనేవారో ఎవరం చెప్పలేం గానీ ఒకటి చూడండి, ఆయనా లక్ష్మి గారూ అడిగేది ఒకటే. ఇంగ్లీష్ అనేది మా పిల్లని ఆపడానికి వాడొద్దు. 1967లో దానికోసం తప్పనిసరి తీసేయాల్సొచ్చింది, ఇప్పుడు దానికోసం మంచి ఇంగ్లీష్ టీచర్ కావాలి.

సిక్కోలు_రైలు
ఒక్క మాట. మాతృభాషలో రాస్తే పైకి పోలేం అన్నవాళ్లకి, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు మా శ్రీకాకుళం జిల్లా అబ్బాయిదే, తెలుగులో రాసేడు. 1979 నించి సివిల్స్ మెయిన్స్ మన భాషల్లో రాయనిస్తన్నారు కాబట్టే కదా. పైన కంచె తీస్తే కింద నించి ఎక్కుతారు మరి.

కరీంనగర్_పోరడు
సిక్కోలన్నా సూపర్.

నవోదయ_పిల్ల
ఆయన సొంత జీవితం గురించి కూడా ఎవరైనా చెప్పండి. బీహార్‌లో మా వార్డెన్ సార్ ఒక కోటు కథ చెప్పేవారు.

పాతపేపరు
అక్కడ అందరూ చెప్పుకునే కథ అమ్మా. ఎమ్మెల్యే అయిన కొత్తల్లో విదేశం వెళ్లే బృందంలో ఆయన పేరు వచ్చింది, ఒంటిమీదకి కోటు లేదు, స్నేహితుణ్ణి అడిగితే చిరిగిన కోటు దొరికింది, అదే వేసుకెళ్లారు. యుగోస్లావియాలో అక్కడి పాలకుడు టిటో ఆ చిరుగు చూసి కొత్త కోటు ఇప్పించారంటారు. రెండుసార్లు ముఖ్యమంత్రి చేసిన మనిషి, 1988 ఫిబ్రవరి 17న పోయేనాటికి సొంతంగా కట్టుకున్న ఇల్లు లేదు, ఊళ్లో పెద్దలనాటి పెంకుటిల్లే.

కూకట్‌పల్లి_కిరణ్
అందరికీ థాంక్స్. ఇవాళ ఆ కొలీగ్‌కి ఈ చర్చంతా హిందీలో చెప్పాను. వినీవినగానే వాళ్ల నాన్నకి వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతికిచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, మడతమంచం మీద కూర్చున్నారు. నేను హైదరాబాద్ అనగానే నవ్వారు. మెట్రిక్ సంగతి అడిగితే లోపలికెళ్లి రేకుపెట్టె తెరిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన సర్టిఫికెట్ తెచ్చి కెమెరా ముందు పట్టుకున్నారు. మడతల దగ్గర పసుపుపచ్చగా అయిపోయి టేపు అతికించి ఉంది.
ఆయన కంటే రెండేళ్లు పెద్దదైన అక్క ఇంగ్లీష్‌లో తప్పి ఇంట్లో కూర్చుందట, రూల్ మారాక ఇద్దరూ ఒకేసారి రాసి ఇద్దరూ పాసయ్యారట. అక్క టీచర్ ట్రైనింగ్‌కి, ఈయన క్లర్కుగా. ఆఫీసులో మొదటి రోజు వచ్చిన ఉత్తరం ఇంగ్లీష్‌లో ఉందట, ఏం రాసుందో తెలీక జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి డిక్షనరీ పెట్టుకుని రాత్రంతా కూర్చున్నారట. అలా ఎన్నేళ్లు అని అడిగా. రిటైరయ్యేదాకా అన్నారు.
"కర్పూరీ డివిజన్ అని నవ్వితే బాధేసేదా?" అని అడిగాను, అడగకూడదేమో గానీ అడిగేశా. కాసేపు మాట్లాడలేదు. "నవ్వినవాళ్లకి చదువు వాళ్ల నాన్న ఇచ్చాడు బాబూ. మాకు ఆయన ఇచ్చాడు" అన్నారు.

టీచరమ్మ_జడ్పీ
కిరణ్ గారూ, ఆ అక్కగారు ఉన్నారా ఇప్పుడు? టీచర్‌గా ఎన్నేళ్లు చేశారో కనుక్కుని చెప్పగలరా.

కూకట్‌పల్లి_కిరణ్
ఉన్నారట మేడమ్. దర్భంగాలో కొడుకు దగ్గర. రేపు అడిగి చెప్తాను.